పడసాలలో నాలుగు నెలలు



మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటి వెనకే పంటకాలవ. చిన్నప్పుడు కాళ్లు కడుక్కోవడమంటే కాలవ మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చేపపిల్లలు పాదాలు పొడుస్తుంటే నవ్వుకోవడం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మా వైపు తరాలన్నీ అలాగే కడుక్కున్నాయి. నీళ్లకు లెక్క ఉంటుందన్న సంగతి ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు తెలీదు.

ఆ ఏడు జూన్ నెలాఖరులో, ఒక సాయంత్రం, కళ్యాణదుర్గం అవతల ఒక చిన్న ఊళ్లో బస్సు దిగాను. చేతిలో పెట్టె, భుజాన సంచి, సంచిలో కొత్త రికార్డు పుస్తకం. వ్యవసాయ డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాలుగు నెలలు ఒక రైతు ఇంట్లో ఉండి రమ్మని కాలేజీ వాళ్లు పంపారు. మేం ఐదుగురు ఆడపిల్లలం, తలా ఒక ఇంటికి. నాకు వచ్చింది పాతకాలపు మట్టి మిద్దె. గడప ముందు ఒక రాతి బండ. ఇంటావిడ చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. అలవాటు కొద్దీ మొత్తం ఒక్కసారే కాళ్ల మీద కుమ్మరించుకుని, "ఇంకో చెంబు ఇస్తారా?" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. లోపలికెళ్లి ఇంకో చెంబు తెచ్చింది. ఈసారి మాత్రం నా చేతికివ్వలేదు. తనే వంగి, సన్నటి ధారగా ముందు ఎడమ కాలికి, తర్వాత కుడి కాలికి పోసింది. రెండు కాళ్లూ మడమల దాకా శుభ్రపడ్డాయి. చెంబులో ఇంకా సగం నీళ్లున్నాయి! ఆ సగాన్నీ లోపలికి తీసుకెళ్లిపోయింది. బండ మీంచి జారిన మురికినీళ్లు కూడా వృథా పోలేదు. వేలి మందాన తీసిన చిన్న బోదె వెంట నడిచి మునగచెట్టు పాదులోకి చేరాయి.

ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలిచాను. ఇంటాయన్ని పెదనాన్నా అనబోతే, "ఈడ పెద్దనాయన అంటారు పాపా" అని దిద్దింది. వచ్చిన గంటలో రెండు పాఠాలు. రెండూ ఆవిడ చెప్పినవే.

ఈ చదువుకు కాగితాల మీద పేరు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం. పిల్లలందరం పిలిచేది రావెప్ అని. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ చదివే ప్రతి ఒక్కరూ నాలుగో ఏడు ఈ గడప దాటాల్సిందే. వ్యవసాయం చదివేవాళ్లు పల్లెలో ఉండి పని నేర్చుకోవాలని 1992లో రాంధావా కమిటీ సిఫారసు చేసింది. మా చదువు అయిపోయాక, 2015 జూలై 25న పాట్నాలో ప్రధాని ప్రారంభించిన 'స్టూడెంట్ రెడీ' పథకంలో దీన్నీ చేర్చారు. పేర్లు మారుతుంటాయి. ఖరీఫ్ మొదట్లో పెట్టె సర్దుకుని పల్లెకు పోవడం, పంట చేతికొచ్చే వేళకు తిరిగి రావడం మాత్రం మారలేదు. ఇప్పటి పిల్లలకు ఊళ్లో రైతు సేవా కేంద్రం ఒకటి అండగా ఉంది. మాకు రచ్చకట్టే గతి.

మా పుస్తకంలో ఇల్లిచ్చిన రైతును 'హోస్ట్ ఫార్మర్' అంటారు. అంటే ఏమని పెద్దమ్మ అడిగింది. "మీరు నాకు అన్నం పెడతారు, నేను మీకు వ్యవసాయం నేర్పుతాను" అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. పెద్దనాయన మాత్రం తుండుగుడ్డ దులుపుకుని, "సరేలే, నేర్చుకుందాం" అన్నాడు. అందులో ఎగతాళి లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అన్నం పెట్టడం గురించి ఒక మాట. నా భోజనానికి నెలకింత అని ఇవ్వబోతే పెద్దమ్మ వద్దనలేదు. మొహమాటపడలేదు. చెంగు ముడి విప్పి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ముడేసుకుంది. పల్లెటూరి ఆతిథ్యం మీద మనం రాసే వ్యాసాల్లో ఇలాంటి ఘట్టం ఉండదు. అక్కడ అందరూ చేతులు జోడించి డబ్బు తిప్పి కొడతారు. నాకైతే ఆవిడ తీసుకోవడమే బాగుంది. ఆ తర్వాత రెండో ముద్ద సంగటి అడగడానికి సిగ్గుపడలేదు. రాగి సంగటి, దాని నడుమ గుంట చేసి పోసిన పప్పు, పక్కన శనక్కాయల ఊరిబిండి. మొదటి వారం సంగటిని నమిలాను. "నమలగూడదు పాపా, మింగాల" అని అవ్వ, అంటే పెద్దనాయన తల్లి, చేత్తో చిన్న ఉండ చేసి చూపించింది.

ఆ ఊరి పిల్లలకు నేను ముందు కొంచెం నిరాశ కలిగించాను. పెట్టె పట్టుకుని కొత్త మనిషి దిగిందని వెంటపడి వచ్చి, "అక్కా, నీది స్పెయినా?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. స్పెయిన్‌కు చెందిన విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ జిల్లా పల్లెలకు స్పెయిన్ నుంచి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు కొత్త కాదు. దూరం నుంచి వచ్చిన అతిథి అంటే స్పెయినే అని ఆ పిల్లల లెక్క. తెనాలి అన్నాను. అదెక్కడని అడిగారు. కాలవలుండే ఊరు అన్నాను. "ఎండాకాలం గూడా నీళ్లుంటాయా?" అని ఒకడు అడిగాడు. ఉంటాయంటే వాడు నమ్మలేదు. స్పెయిన్ అని చెప్పినా నమ్మేవాడేమో.

ఇక అసలు సంగతికి వస్తాను. పదును.

వాన పడితే విత్తుతారు, ఇందులో ఆలోచించడానికేముంది అనుకునేదాన్ని. మా వైపు కాలవకు నీళ్లొదిలే తేదీ పేపర్లో వస్తుంది, దాన్నిబట్టి నారుమళ్లు పోస్తారు. అనంతపురంలో ఆ తేదీ ఎవరూ వేయరు. ఉమ్మడి జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 552 మిల్లీమీటర్లు. అందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చేది 338. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని అవతలే పిండుకుంటాయి. తూర్పున సముద్రం దూరమవడంతో ఈశాన్య రుతుపవనం అక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. ఈ సగటు అంకె కూడా ఒక మాయ. ఒకే రాత్రి కుండపోతగా పడి, తర్వాత నలభై రోజులు మొహం చాటేసినా సగటు సగటుగానే ఉంటుంది. చేను ఉండదు. ఎర్ర చెలక నేల, కింద రాయి. తడి రెండు మూడు రోజులకంటే నిలవదు. ఆ రెండు మూడు రోజుల్నే అక్కడ పదును అంటారు.

జూలై రెండో వారంలో ఒక రాత్రి వాన పడింది. మిద్దె మీద చప్పుడు వింటూ నేను పడసాలలో పడుకుని సంతోషపడ్డాను. ఇంట్లో వాళ్లెవరూ సంతోషపడ్డట్టు కనిపించలేదు. అందరూ మేలుకునే ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. తెల్లవారకముందే పెద్దనాయన గడ్డపార తీసుకుని చేనికి బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. మూడు చోట్ల పొడిచి, చెయ్యి లోపలికి పెట్టి మన్ను తీసి, పిడికిట్లో నొక్కాడు. గట్టు దగ్గర ముద్ద కట్టింది. నడి చేలో పొడిపొడిగా రాలిపోయింది. నేను ఫోన్ చేసి మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కనుక్కుని చెప్పాను. "అది మండలం ఆపీసు మీద పడిన వాన పాపా. నా చేన్లో పడింది ఇదీ" అని పిడికిలి విప్పి చూపించాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో జరిగిన మాటలే నా నాలుగు నెలల చదువు. మిగిలినదంతా రికార్డు.

పడసాలలో లాంతరు లేదు, కరెంటు బల్బే ఉంది. దాని కింద పెద్దనాయన, గోడకానుకుని అవ్వ, లోపలి గడప మీద పెద్దమ్మ. బెంగళూరులో ఆటో నడిపే కొడుకు ఫోన్లో. మాట ఇటునుంచి అటు తిరుగుతోంది. విత్తనం అప్పు తెచ్చి కొన్నారు. ఎకరానికి 50, 60 కిలోల గింజలు మట్టిలో కలపాలి. అక్కడి మరో మెట్టపంటకు ఇంత ఖర్చు విత్తనానికే ఉండదు. ఇప్పుడు విత్తి, ఇరవై రోజులు బెట్ట కొడితే మళ్లీ కొనే తాహతు లేదు. పోనీ ఆగుదామా? జూలై దాటితే శనక్కాయకు కాలం మించినట్టే. అప్పుడిక ఉలవలో, కొర్రలో చల్లుకోవాలి. పక్క చేను వాళ్లు పొద్దున్నే ట్రాక్టరు మాట్లాడుకున్నారట. కొడుకు ఆగమన్నాడు. అవ్వ ఏదో కార్తె పేరు చెప్పి, ఆ కార్తెలో విత్తింది ఎప్పుడూ చెడలేదంది. పెద్దనాయన కార్తెనూ కాదనలేదు, కొడుకునూ కాదనలేదు.

నన్నూ అడిగారు. నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు పెద్దమ్మ గడప మీంచి ఒక్క మాట అడిగింది. "మరి కట్టె?"

కట్టె అంటే శనక్కాయ కట్టె, కాయలు తెంపుకున్నాక మిగిలే మొక్క. పశువుల మేత. వాకిట్లో వామి అడుగంటింది. రెండు ఎద్దులు, ఒక పాడి ఆవు. కాయ కాసినా కాయకపోయినా మొక్క మొలిస్తే మేత వస్తుంది. ఉలవ కట్టె ఆ మూడు మూతులకూ చాలదు. ఆ మాటతో తూకం వంగిపోయింది. పెద్దనాయన లేచి, "ట్రాక్టరోనికి చెప్తా" అంటూ చెప్పులేసుకున్నాడు.

అనంతపురం రైతు ఇంత వానకు శనక్కాయ ఎందుకు పట్టుకు వేలాడతాడని సెమినార్లలో ఎన్నోసార్లు విన్నాను. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఈ ఒక్క పంటే ఉండేది. అలవాటు అంటారు, ఆశ అంటారు, సబ్సిడీ విత్తనం అంటారు. అన్నిట్లో కొంత కొంత నిజముంది. సింగమనేని నారాయణ గారు ఈ సేద్యం మీద రాసిన కథకు 'జూదం' అనే పేరు పెట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి తర్వాత, జూదంలో కూడా ఆడవాళ్లు ఓడినా మిగిలే పావును ఒకటి చూసుకుంటారనిపించింది. మా రికార్డులో దిగుబడి గడి ఉంది, ఎకరానికి ఎన్ని బస్తాల కాయలని. కట్టెకు గడి లేదు.

విత్తడానికి ముందు వారమంతా ఇంట్లో కాయలొలిచారు. కాలనీ నుంచి ఆరుగురు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. కూలి సేర్ల లెక్క. మిషన్లో ఒలిస్తే గింజ చీలుతుంది, పైపొర లేస్తుంది, అది మొలవదు. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. కాయ ముక్కును బొటనవేలితో నొక్కితే 'టప్' మని విచ్చుకోవాలి. నేను నొక్కితే విచ్చుకునేది కాదు, నలిగేది. రెండో రోజుకి బొటనవేలి గోరు కింద నెత్తురు చిమ్మింది. పక్కనున్నావిడ నా చెయ్యి లాక్కుని చూసి, తన బొటనవేలు చూపించింది. అది వేలులా లేదు, కొమ్ములా ఉంది. "నీది ఇట్లయ్యేసరికి నీ సదువు అయిపోతాది" అని నవ్వింది.

నా వంతు విత్తనశుద్ధి. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్. గోనెసంచి పరిచి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, పొడి పట్టించి చూపించాను. పదిమంది చుట్టూ చేరారు. నాకు గర్వంగా ఉంది. అప్పుడు అవ్వ అడిగింది: "దీన్ని పట్టించినంక కోళ్లు తింటే?" తినకూడదన్నాను. "విత్తినంక కోళ్లు చేన్లోకి రావా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి విత్తేదాకా ఇంటి కోళ్లన్నీ గంపల కింద మగ్గాయి. వాటికి నేనంటే కోపం ఉండే ఉంటుంది.

ఊరి పటం గీసిన రోజు సంగతి చెప్పాలి. పల్లె జనంతోనే నేల మీద ఊరి పటం, వనరుల పటం, ఏడాది పనుల పట్టిక గీయించడం రావెప్‌లో ఒక ముఖ్యమైన పని. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1985లో థాయిలాండ్‌లోని ఖోన్ కేన్ విశ్వవిద్యాలయంలో దీని తొలి రూపం మీద సదస్సు జరిగింది. ఆ దశాబ్దం చివర్లో పక్కనే కర్ణాటకలో మైరాడ సంస్థ వాళ్లు దాన్ని పల్లెజనం చేతికే అప్పగించి చూశారు. చాక్‌పీసు మాస్టారి చేతిలోంచి ముగ్గుపిండిగా మారి ఊరి చేతికి పోయిందన్నమాట. పుస్తకంలో చదివినప్పుడు చాలా బాగుంటుంది. రచ్చకట్ట ముందు ముగ్గుపిండి డబ్బా పెట్టగానే మాత్రం నలుగురు మగవాళ్లు లాక్కున్నారు. తారురోడ్డు, గుడి, బడి, సర్పంచి ఇల్లు, చెరువు. ఆ చెరువులో నీళ్లుండగా నేను చూడలేదు గానీ, పటంలో మాత్రం నిండుగా ఉంది.

మర్నాడు ఆడవాళ్లతో గీయిద్దామని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పట్టుబట్టింది. మంచి పని చేసింది. వాళ్లు రోడ్డు గీయలేదు. ముందు కొళాయి గీశారు. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక వేసిన కొళాయి అది, అందరూ సత్యసాయి నీళ్లనే అంటారు. అక్కడినుంచి ఏ వీధికి ఏ రోజు ఎంతసేపు నీళ్లొస్తాయో గీతలు గీశారు. తర్వాత ఒకావిడ ఇంటికెళ్లి పొయ్యిలోంచి బొగ్గులు తెచ్చింది. ఎండిపోయిన ప్రతి బోరుకూ ఒక బొగ్గుముక్క. పెట్టుకుంటూ పోయారు. 'అది మీ బావది కాదా', 'రెండోది మరిచినావే' అని ఒకరికొకరు గుర్తు చేసుకున్నారు. పందొమ్మిది ముక్కలు. ఒక్కో బోరు వెనక ఎంత అప్పుందో వాళ్లకు తెలుసు. అక్కడ మాత్రం గొంతులు తగ్గాయి. నేను నోట్సు రాయడం ఆపేశాను.

ఏడాది పనుల పట్టిక దగ్గర ఇంకో తప్పు దొర్లింది. పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు, పని ఎక్కువుంటే ఎక్కువ రాళ్లు పెట్టమన్నాను. జనవరి నుంచి మే దాకా గళ్లు ఖాళీగా ఉండటం చూసి 'పని లేని నెలలు' అని రాశాను. కాయలొలిచిన ఆవిడే అభ్యంతరం చెప్పింది. "పని ల్యాకపోయేదేంది? బెంగుళూరులో ఇటుకలు మోస్తాం గదా." గుప్పెడు రాళ్లు తీసి ఆ ఐదు గళ్లలో కుప్పలుగా పోసింది. పట్టికలో అన్నిటికంటే ఎత్తైన కుప్పలు అవే.

ఇలాంటి చదువు మన తెలుగు నేల మీద కొత్తదేం కాదు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వ్యవసాయం, వైద్యం, పశువైద్యం, విద్య చదివేవాళ్లతో ఒక బృందం హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటలో పనిచేసింది. ఆ పని మీదే మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో 'ఇండియన్ విలేజ్' పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకాన్ని నేను కాలేజీ రోజుల్లో కాదు, తర్వాత చదివాను. చదువుతుంటే మొదట నాకు తట్టిన ప్రశ్న ఒక్కటే. వీళ్లు ఎవరి ఇంట్లో దిగారు?

ఎందుకంటే ఊరు మనకు ఏ పడసాలలోంచి చూస్తే ఆ ఆకారంలోనే కనిపిస్తుంది. మా ఐదుగురికీ దొరికిన ఇళ్లు చూడండి. ఐదుగురివీ సొంత భూమి ఉన్న ఇళ్లు, స్నానాల గది ఉన్న ఇళ్లు, పెద్ద వీధిలో ఇళ్లు. ఆడపిల్లలు, భద్రంగా ఉండాలి కదా అన్నారు. అది నిజమే. కానీ కాలనీలో ఒక్క ఇల్లు కూడా ఆ జాబితాలోకి ఎందుకు రాలేదని ఆనాడు నేను అడగలేదు. భూమి లేని మనిషిని మా పుస్తకం రైతు అనదు. కనుక అతని ఇల్లు 'హోస్ట్' ఇల్లు కాదు. ఇంత తేలిగ్గా తేలిపోయింది.

కాయలొలిచే ఆవిడ ఒక ఆదివారం, "మా ఇంటికొచ్చి టీ తాగిపో పాపా" అంది. పోయాను. ఒక్క గది, అటక మీద దుప్పట్ల మూటలు, గోడకు కూతురి పదో తరగతి గ్రూపు ఫోటో. టీ తాగాను, బొరుగులు తిన్నాను. తిరిగొచ్చాక పెద్దమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా, "ఏం తిన్న్యావ్?" అని అడిగింది. చెప్పాను. "ఊఁ" అంది. ఆ ప్రశ్నలో నా ఆకలి సంగతి ఎంతో, కులం సంగతి ఎంతో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఆవిడ మంచి మనిషి. ఆ మాట కూడా ఇక్కడే చెప్పాలి.

విత్తనం బాగానే మొలిచింది. ముప్పయ్యో రోజుకి పసుపుపచ్చ పూలు. శనక్కాయ వింత మొక్క. పువ్వు పైన పూస్తుంది, అక్కడినుంచి ఊడ కిందికి దిగి, మట్టిని పొడుచుకుని లోపల కాయవుతుంది. ఊడలు దిగేటప్పుడు నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడే బెట్ట మొదలైంది. ఆగస్టంతా మబ్బులు వచ్చాయి, నీడ ఇచ్చాయి, పోయాయి. ఊడలు నేలదాకా వచ్చి, పైపెచ్చు గట్టిపడి, దిగలేక మొన వాడి నిలబడ్డాయి. నేను రోజూ పోయి ఒక మొక్కకు ఎన్ని ఊడలున్నాయో, వాటిలో ఎన్ని దిగాయో లెక్క రాసుకునేదాన్ని. పదిహేను రోజుల తర్వాత పెద్దనాయన మెల్లిగా, "ఆ ఒక్క చెట్టును వదిలెయ్ పాపా, తొక్కీ తొక్కీ దాని చుట్టూ నేల బండ అయింది" అన్నాడు. నిజమే, పరిశోధన పేరుతో ఒక మొక్కను నేను చేతులారా చంపాను.

ఆ ఖాళీ రోజుల్లోనే గట్ల మీద వయ్యారిభామ పీకుతూ ఆయన 2000 సంవత్సరం సంగతి చెప్పాడు. ఆ ఏడు చేలకు చేలు మొవ్వు మాడి, కాండం నల్లబడి చచ్చాయి. ఎందుకో ఎవరికీ తెలీలేదు. నా పుస్తకంలో అది ఒక పేరా. కాండం కుళ్లు వైరస్ తెగులు, అనంతపురం జిల్లాలో రెండు లక్షల 25 వేల హెక్టార్లు, 300 కోట్ల రూపాయల పైచిలుకు నష్టం. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ దాక్కుంటుంది. తామరపురుగులు దాన్ని మోసుకొస్తాయి. అందుకే చేను చుట్టూ జొన్న సాళ్లు అడ్డు పెట్టమనీ, గట్ల మీద ఆ కలుపు ఉంచొద్దనీ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇది నేను ఆయనకు వివరించాను. ఆయన పీకుతున్న మొక్కను ఆపి, తిప్పి తిప్పి చూశాడు. "ఇదా?" అన్నాడు. "ఇది పీకమని చెప్పినారు గానీ, ఎందుకని ఎవురూ చెప్పలేదు. నేను ఒళ్లు దురద పుడ్తాదని పీకుతాండా." ఆ నాలుగు నెలల్లో నేను ఆయనకు నేర్పినది ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. ఆ సాయంత్రం ఆయన రచ్చకట్ట మీద నలుగురికి ఈ సంగతి చెప్తుంటే విన్నాను. నా పేరు చెప్పలేదు, 'సదువుకున్న పాప చెప్పింది' అన్నాడు. నాకు అది చాలా రోజులు సరిపోయింది.

సెప్టెంబరులో ఒక మంచి వాన పడింది. కొన్ని ఊడలు దిగాయి. అక్టోబరు చివర కాయ పీకారు. ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పను. పెద్దనాయనకు ఇష్టం ఉండదు. కట్టె మాత్రం వాకిట్లో వామి అయింది, నా ఎత్తు కంటే మూరెడు ఎక్కువ. పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, కొంగు దులుపుకుని లోపలికెళ్లింది. ఆవిడ మొహంలో ఆ రోజు చూసిన సంతృప్తి నేను తర్వాత ఏ క్షేత్ర దినోత్సవంలోనూ చూడలేదు.

వచ్చేసే ముందు రోజు రాత్రి రికార్డు మీద పెద్దనాయన సంతకం కావాలి. ఊరికే పెట్టనన్నాడు. "ఏం రాసినావో సదువు" అన్నాడు. పడసాలలో అదే బల్బు కింద మొదట్నుంచీ చదివాను. 'విత్తిన తేదీ, కారణం' దగ్గర 'శాస్త్రీయ సిఫారసుల ప్రకారం' అని రాసుకున్నాను. ఆపమన్నాడు.

"అట్ల కాదు. ఆ పొద్దు మధ్యాన్నం ట్రాక్టరు ఖాళీ అయింది. అందుకు విత్తినాం. అట్ల రాయి."

కొట్టేసి అలాగే రాశాను. అదనంగా, పశువుల మేత కోసం అని కూడా రాశాను. అప్పుడు సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరం విడివిడిగా. పెట్టి, పుస్తకం మూయకుండా అడిగాడు. "దీనికి మీకు మార్కులేస్తారా?"

వేస్తారన్నాను.

"మరి మాకు?"

నవ్వుతూనే అడిగాడు. నాకు నవ్వు రాలేదు. లోపల గిన్నెలు సర్దుతున్న పెద్దమ్మ చప్పుడు ఆపింది. గడప దగ్గరికొచ్చి, చెయ్యి తుడుచుకుంటూ అంది. "పాప కాళ్లకు నీళ్లు పోసుకొనేది నేర్చుకున్న్యాది. దానికి ఎన్నేస్తారో మీ సార్ను అడుగు."

పొద్దున్నే ఆరున్నర బస్సు. బండ మీద చెంబు పెట్టి ఉంది. ఈసారి నా చేతికే ఇచ్చింది.